గోల్ఫ్ కోచింగ్ మూడు నెలల ప్యాకేజీ: ఫ్లెక్సీ మీద ఒకటి, లోపల ఇంకొకటి

ఊరి చివర నెట్లు కట్టి ఉన్న ఆ ప్రాక్టీస్ రేంజ్ గేటు పక్కన ఒక ఫ్లెక్సీ ఉంటుంది. ‘మూడు నెలల్లో సింగిల్ హ్యాండిక్యాప్’ అని పెద్ద అక్షరాలు. హ్యాండిక్యాప్ అంటే కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకుల (దెబ్బల) కంటే మనకు ఎన్ని ఎక్కువ పడతాయో చెప్పే అంకె, సింగిల్ అంటే అది పది లోపు. ఫీజు కట్టడానికి వచ్చేవాళ్లు ముందు చదివేది అదే కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ మాట నమ్మి వెళ్లకండి. 18 హోల్స్ (గుంటలు) పూర్తి చేయడానికి వంద స్ట్రోకులు దాటి ఆడే మనిషి (గోల్ఫ్‌లో స్కోరు తక్కువైతేనే మేలు) వారానికో క్లాసు, వారానికో రౌండు చొప్పున ఆడుతూ మూడు నెలల్లో సింగిల్ డిజిట్‌కి రావడం జరిగే పని కాదు. ఫ్లెక్సీని మర్చిపోయి లోపలికి వెళ్తే మాత్రం, అక్కడ దొరికే కోచింగ్ డబ్బుకు తగ్గట్టే ఉంది. కొన్ని విషయాల్లో ఎక్కువే.

పేర్లు రాయడం లేదు. నాకు ఎవరితోనూ పోట్లాట అక్కర్లేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎవరికి పనికొస్తుందో తెలియదు. వైజాగ్ ద్వారకానగర్‌లో ఆఫీసు, చార్టర్డ్ అకౌంటెంట్‌ని, యాభై దాటాయి. మోకాలు మొరాయించి షటిల్ మానేశాక గోల్ఫ్ పట్టుకున్నాను. కోచింగ్‌కు వెళ్లేనాటికి 98 నుంచి 105 మధ్య ఆడుతున్నాను. అంటే మరీ కొత్త కాదు, చెప్పుకోవడానికేమీ లేదు. ఇదే అన్నిటికంటే చిరాకు తెప్పించే దశ. కొత్తలో బంతి గాల్లోకి లేస్తే చాలు, సంబరం. ఈ దశలో మనకు మంచి షాట్ అంటే ఏమిటో తెలుసు, అప్పుడప్పుడూ కొడతాం కూడా, అందుకే మిగతావన్నీ మనకు జరిగిన అన్యాయాల్లా కనిపిస్తాయి. దానికి తోడు సలహాలు. గోల్ఫ్ కోర్సులో సలహా ఇవ్వనివాడు లేడు. బంతి ఎటు పోయినా పక్కన ఉన్నాయన ‘తల ఎత్తేశారండీ’ అంటాడు. ఎత్తకపోయినా అంటాడు.

మా ఆవిడ ఒక ఆదివారం నా మొహం చూసి, “ఏవండీ, డబ్బులిచ్చి మరీ ఈ కోపం కొనుక్కోవాలా?” అంది. సరే, ఇచ్చే డబ్బేదో కోచ్‌కి ఇద్దామనుకున్నాను.

గంటకు 1,500 రూపాయలు, మొత్తం పన్నెండు క్లాసులు. బంతుల బకెట్‌కు వేరే. మొత్తం ముందే కట్టాలి. కోచ్ ముప్పై, ముప్పై అయిదేళ్ల కుర్రాడు, ఓపికమంతుడు, గొంతు పెంచడు.

మొదటి క్లాసులో నా చేత పట్టుమని పది బంతులు కూడా కొట్టించలేదు. ఫోన్‌ని బ్యాగుకు ఆనించి ముందు నుంచి ఒక వీడియో, వెనక నుంచి ఇంకొకటి తీశాడు. నిదానంగా తిప్పి చూపించాడు. నా జబ్బు స్లైస్. బంతి తిన్నగా బయలుదేరినట్టే ఉండి కుడివైపు చెట్లలోకి ఒంపు తిరుగుతుంది. దానికి కారణం తల ఎత్తడమని ఇన్నాళ్లూ విన్నాను. అతను చెప్పింది వేరు. బంతి ఏ దిక్కుకు బయలుదేరాలో ఎక్కువగా నిర్ణయించేది క్లబ్ ముఖం, అంటే కర్ర చివర బంతికి తగిలే పలక. గాల్లో ఒంపు తిరగడం మాత్రం ఆ ముఖానికీ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి. నా క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తోంది, ముఖం ఆ దారికి తెరుచుకుని ఉంది. అంతే, ఇందులో తల ప్రసక్తే లేదు. ఈ ఒక్క వివరణకు ఆ రోజు ఫీజు చెల్లిపోయిందని లెక్కేసుకున్నాను.

తర్వాత పట్టు మార్చాడు. పై నుంచి చూస్తే ఎడమ చేతి మీద రెండు కణుపులు, వీలైతే మూడోది కూడా కనిపించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి భుజం వైపు చూడాలి. రాస్తే ఇంతే. పట్టుకుంటే మాత్రం ఆ క్లబ్ నాది కాదు, ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టు ఉంది. వేళ్లు వాటంతటవే పాత చోటుకు జారిపోతాయి. అతను ప్రతి బంతికీ ముందు వచ్చి నా ఎడమ చేతిని అర అంగుళం తిప్పి వెళ్లేవాడు. విసుగు చూపలేదు, ఒక్కసారి కూడా.

రేంజ్‌లో పెద్ద లోపం మ్యాట్లు. గడ్డి మీద కొట్టే చోటు లేదు. ఇది చిన్న విషయంగా తీసుకోకండి. బంతికి రెండు అంగుళాల వెనక నేలను తాకితే, గడ్డి మీద అయితే మట్టి పెళ్ల లేచి బంతి పది గజాలు దొర్లుతుంది. మ్యాట్ మీద క్లబ్ జారి ముందుకు వెళ్లి బంతిని తాకేస్తుంది. చప్పుడు కాస్త మందంగా ఉంటుంది కానీ బంతి చక్కగానే ఎగురుతుంది. మనం మంచి షాట్ అనుకుంటాం. రేంజ్‌లో వరసగా బాగా కొట్టినవాడు కోర్సుకు వెళ్లి ‘నాకేమైంది?’ అని తల పట్టుకోవడానికి సగం కారణం ఇదే. దీనికి కోచ్ దగ్గర మందు ఉంది. చిన్న తువ్వాలు నాలుగు మడతలు పెట్టి బంతికి జానెడు వెనక పరిచేవాడు. క్లబ్ కిందికి వచ్చేటప్పుడు తువ్వాలు తగిలిందా, మ్యాట్ ఎంత దాచినా దొంగ దొరికిపోయినట్టే. మొదట్లో ఆ తువ్వాలు నా బంతి కంటే దూరం ఎగిరిన సందర్భాలున్నాయి. ఇది మీరు ఇంట్లో కూడా చేసుకోవచ్చు, దీనికి ఫీజు అక్కర్లేదు.

బంతులు కూడా బాగా అరిగిపోయినవి. రేంజ్ బంతి మామూలు బంతి కంటే తక్కువ దూరం పోతుంది. అక్కడ ఏడో నంబరు ఐరన్ (మధ్య దూరాలకు వాడే క్లబ్) ఎంత దూరం పోయిందో చూసి కోర్సులో క్లబ్ ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. ఈ సంగతి అక్కడ బోర్డు మీద రాసి పెట్టొచ్చు. రాయరు.

ఇక నా అసలు ఫిర్యాదు. పట్టు మార్చిన తర్వాత మొదటి నెలలో నా స్కోరు పెరిగింది. 107 కొట్టాను. పాత స్లైస్ అయినా నమ్మకంగా కుడికి పోయేది, దానికి తగ్గట్టు ఎడమకి గురి పెట్టేవాణ్ని. ఇప్పుడు ఒకటి తిన్నగా, ఒకటి ఎడమకి, ఒకటి పాత అలవాటు కొద్దీ కుడికి. కోచ్‌ని అడిగితే, “మొదట్లో అలాగే ఉంటుంది సార్, స్వింగ్ మారుస్తున్నప్పుడు కొన్నాళ్లు స్కోరు పాడవుతుంది” అన్నాడు, చాలా మామూలుగా. మరి ఆ ముక్క ఫీజు తీసుకున్న రోజే చెప్పాలి కదా? నా క్లయింటుకు వచ్చే ఏడాది పన్ను పెరుగుతుందని తెలిసీ నేను మార్చి 31 దాకా నోరు విప్పకపోతే నన్ను ఉంచుతాడా? ముందే చెప్పి ఉంటే ఆ నెల రోజుల టెన్షన్ నాకు సగానికి సగం తగ్గేది. ఈ ప్యాకేజీ తీసుకునేవాళ్లు నా దగ్గర వినండి: మొదటి ఆరు వారాలు స్కోరు పెరుగుతుంది. పెరిగితే ప్యాకేజీ పని చేయడం లేదని కాదు.

ఆ 107 వచ్చింది ఈస్ట్ పాయింట్‌లో. 1884 నాటి గోల్ఫ్ క్లబ్బు, ముడసర్లోవ వైపు, చుట్టూ కొండలు. పొద్దున్నే ఆకు కదలదు. పదయ్యేసరికి సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది, ఎదురుగాలికి తగ్గే దూరం వెనకగాలికి పెరిగే దూరం కంటే ఎప్పుడూ ఎక్కువే. ఆ రోజు ఒక హోల్‌లో టీ షాట్ (ఆ హోల్‌లో మొదటి దెబ్బ) హద్దు దాటింది. హద్దు దాటితే పెనాల్టీ ఒకటి, మళ్లీ మొదటి చోటు నుంచే కొట్టాలి. అంటే కొట్టింది పోయింది, నడిచిందీ పోయింది. నేను అరవను, క్లబ్ విసరను. చెయ్యి మాత్రం చాపాను. మా క్యాడీ (బ్యాగు మోసే మనిషి) క్లబ్ ఇవ్వకుండా నిలబడి, “సార్, కోపమొచ్చినపుడల్లా మీరు త్రీ వుడ్డే అడుగుతారండి” అన్నాడు.

నిజమే. త్రీ వుడ్ అంటే దూరం కొట్టడానికి వాడే పొడుగాటి క్లబ్. నా బ్యాగులో నేను సరిగ్గా కొట్టలేని క్లబ్ ఏదైనా ఉందంటే అదే. మూడు నెలల్లో నా ఆట గురించి ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఆ మాట కోచ్‌కి చేరవేస్తే అతను నవ్వి, “ఆయనకి కూడా కొంచెం ఫీజు ఇవ్వండి సార్” అన్నాడు. ఇచ్చాను.

అన్నిటికంటే పనికొచ్చిన క్లాసులో ఒక్క బంతి కూడా కొట్టలేదు. వర్షం పడింది. మన వైజాగ్ వాన సంగతి తెలిసిందే, అల్పపీడనమంటే రోజంతా అదే. రేంజ్ మూసేశారు. రద్దు చేసి ఇంకో రోజు పెట్టమంటే, వచ్చాక రద్దు కుదరదు, క్లాసు లెక్కలోకి వస్తుంది అన్నారు. ఈ నిబంధన రసీదు వెనక కూడా లేదు. నేను మొహం మాడ్చుకుని బయట టీ కొట్టులో కూర్చుంటే కోచ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. కాగితం అడిగి తీసుకుని హ్యాండిక్యాప్ లెక్క వేయడం మొదలుపెట్టాడు.

2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి. చివరి 20 స్కోర్లు తీసుకుని, కోర్సు కష్టాన్ని బట్టి సరిచేసి, వాటిలో మెరుగైన 8 మాత్రమే సగటు కడతారు. మిగతా 12 పక్కన పెట్టేస్తారు. అంటే హ్యాండిక్యాప్ మన సగటు ఆట కాదు, మనం బాగా ఆడిన రోజుల సగటు. మామూలు రోజున దానికంటే రెండు మూడు స్ట్రోకులు ఎక్కువ రావడమే సహజం. హ్యాండిక్యాప్‌కి తగ్గట్టో, అంతకంటే మెరుగ్గానో ఆడేది నాలుగైదు రౌండ్లకు ఒకసారి. నేనేమో ప్రతి ఆదివారం నా హ్యాండిక్యాప్ అంత ఆడాలని బయలుదేరి, ఆడలేక, ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుంటున్నాను.

ఇది విని నాకు నవ్వొచ్చింది. మా అకౌంటింగ్‌లో నష్టం రాబోతోందని అనుమానం వస్తే చాలు, పుస్తకాల్లో చూపించేస్తాం. లాభం మాత్రం చేతికొచ్చాకే. హ్యాండిక్యాప్ పుస్తకం దీనికి తలకిందులు. లాభాలే రాసుకుని నష్టాలను అవతల పారేస్తుంది. అలాంటి బ్యాలెన్స్ షీట్ చూసి రోజువారీ ఖర్చులు పెట్టుకుంటే ఏమవుతుందో నాకు వేరే చెప్పాలా?

ఇంకో రెండు సంగతులు కూడా అప్పుడే తెలిశాయి. ఒక హోల్‌లో తొమ్మిదో పదో కొట్టి చచ్చినా, హ్యాండిక్యాప్ లెక్కలోకి అంతా రాదు. డబుల్ బోగీకి (ఆ హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకుల కంటే రెండు ఎక్కువ), హ్యాండిక్యాప్ వల్ల మనకు ఆ హోల్‌లో వచ్చే స్ట్రోకులు కలిపి అక్కడితో ఆపేస్తారు. పైగా ఏడాదిలో మన అతి తక్కువ హ్యాండిక్యాప్ కంటే 3 పైన పెరిగితే ఆ 3 దాటిన పెరుగుదలను సగానికి తగ్గిస్తారు, మొత్తం పెరుగుదలను 5 దాటనివ్వరు. అంటే నా 107 నెల నన్ను ముంచదు. నేను రెండు వారాలు నిద్ర పాడుచేసుకున్న విషయం, టీ చల్లారేలోపు తేలిపోయింది.

పట్టింగ్ గురించి కూడా చెప్పాడు. పట్ అంటే గ్రీన్ మీద, అంటే జెండా ఉన్న నున్నటి గడ్డి మీద, బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ ఎనిమిది అడుగుల పట్‌ని సగం సార్లే వేయగలరు. 18 గ్రీన్లలో దాదాపు 12 మాత్రమే నిర్ణయించిన స్ట్రోకుల్లో ఎక్కుతారు. ఫెయిర్‌వే (కోర్సు మధ్యలో కత్తిరించిన గడ్డి దారి) మీది నుంచి 150 గజాల షాట్ కొడితే సగటున జెండాకు 20 అడుగులకు పైనే దూరంగా ఆగుతుంది. వాళ్లు చేసే పని అదొక్కటే, నేను శనివారం జీఎస్టీ రిటర్నులు వేసి ఆదివారం వస్తాను. అయినా ఆరడుగుల పట్ పోతే ప్రపంచం కూలినట్టు నిలబడతాను. దూరం సరిపోవడం లేదని ఒకసారి గొణిగితే అదితి అశోక్ పేరు ఎత్తాడు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె నాలుగో స్థానం, కాంస్యం ఒక్క స్ట్రోకులో పోయింది. అక్కడ ఆమె కంటే చాలా దూరం కొట్టేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, ఆమె పట్టర్‌తోనే అంతదాకా వచ్చింది. ఆ తర్వాత దూరం గురించి నేను నోరెత్తలేదు.

చివరగా ఒక నోటుపుస్తకం పెట్టించాడు. స్కోరు కాదు, నాలుగు గడులు: పెనాల్టీలు, మూడు పట్లు పడిన గ్రీన్లు, సరిగా తగలక దొర్లిన షాట్లు. నాలుగోది, కోపం వచ్చాక కొట్టిన మొదటి షాట్. అది బాగుందా లేదా అని ఒక టిక్కు. నేను ఊరుకుంటానా, ఎక్సెల్‌లోకి ఎక్కించాను. తేలిందేమిటంటే, బాధపడేది స్లైస్ గురించి అయినా, కార్డు మీద ఎక్కువ ఖర్చు చూపిస్తున్నది నాలుగో గడి. హద్దు దాటిన బంతికి రెండు స్ట్రోకులు పోతే, ఆ తర్వాతి త్రీ వుడ్డు వీరావేశానికి ఇంకో రెండు మూడు. మొదటి ఖర్చు ఆపడం ఏడాది పని. రెండోది వచ్చే ఆదివారమే ఆపొచ్చు. కోచ్ పెట్టిన నియమం: క్లబ్ బ్యాగులో పడేదాకా ఎంత తిట్టుకున్నా ఫర్వాలేదు, పడ్డాక ఏడో నంబరు ఐరన్ కంటే పెద్ద క్లబ్ తీయకూడదు. త్రీ వుడ్డు ఇప్పుడు ఇంట్లోనే ఉంది. నియమం ప్రకారం 14 క్లబ్బుల వరకూ మోయొచ్చు, తప్పనిసరి మాత్రం కాదు.

నా బాధ ఏమిటంటే, ఈ క్లాసు వాన పడితేనే దొరికింది. వాన లేకపోతే చెప్పేవాడే కాదేమో. మొదటి రోజు చెప్పాల్సింది ఇదే. స్వింగ్ మార్పు కంటే ముందు.

ఫలితం. మూడు నెలలయ్యాక ఎక్కువగా వంద లోపు ఆడుతున్నాను, ఒకసారి 91 పడింది. హ్యాండిక్యాప్ 25 నుంచి 21కి వచ్చింది. ఫ్లెక్సీ ప్రకారం చూస్తే ఇది ఘోర వైఫల్యం. నాకు మాత్రం బాగానే ఉంది. స్లైస్ పూర్తిగా పోలేదు, అలిసిపోయిన చివరి హోల్స్‌లో పలకరిస్తూనే ఉంటుంది.

లోటుపాట్లు ఇంకొన్ని ఉన్నాయి. బంకర్ షాట్లు నేర్పలేదు, అక్కడ ఇసుకే లేదు. పట్టింగ్‌కు పచ్చ కార్పెట్ ముక్క ఒకటి పరిచి ఉంది, దాని మీద బంతి ఎటు వేసినా గోడ వైపే వస్తుంది. వీడియోలు ఆ రాత్రే వాట్సాప్‌లో పంపుతానని చెప్పి వారానికి పంపేవాళ్లు, అప్పటికి తర్వాతి క్లాసు వచ్చేస్తుంది. సమయాలు చివరి నిమిషంలో మారుస్తారు. కోచ్ మంచివాడే, నడిపేవాళ్లకు పద్ధతి లేదు.

పేరున్న కంపెనీ కొత్త డ్రైవర్ (టీ షాట్లకు వాడే అన్నిటికంటే పొడుగైన క్లబ్) ధరతో ఈ ప్యాకేజీ రెండుసార్లు తీసుకోవచ్చు. మీరు డ్రైవర్ కొందామని ఆలోచిస్తూ ఉంటే, ముందు ఇక్కడికి వెళ్లండి. ఇప్పటికే 90 లోపు ఆడేవాళ్లకు మాత్రం ఈ మ్యాట్ల మీద పెద్దగా ఒరిగేది లేదు, గడ్డి ఉన్న చోటు చూసుకోండి. అసలు క్లబ్ పట్టనివాళ్లు పన్నెండు క్లాసులు ఒకేసారి కట్టకండి, నాలుగు అడగండి. గట్టిగా అడిగితే ఇస్తారు.

నేను మళ్లీ కట్టాను, ఈసారి ఆరు క్లాసులు. రెండు షరతులు రాయించుకున్నాను: వాన పడితే క్లాసు లెక్కలోకి రాకూడదు, రెండు క్లాసులు చిన్న షాట్ల కోసం కోర్సులోనే జరగాలి. సంతకం పెట్టారు. వెళ్లేవాళ్లు పొద్దున ఆరున్నర స్లాట్ అడగండి. ఎనిమిది దాటితే షెడ్డు కింద ఉక్కపోతకు గ్లవ్ తడిసి పట్టు జారుతుంది, ఇంకో గ్లవ్ బ్యాగులో పెట్టుకోండి. తువ్వాలు కూడా మీదే తీసుకెళ్లండి, వాళ్ల దగ్గర ఉన్నది ఒక్కటే.